ఒక దెబ్బ ఎక్కువ

పగడాలదుర్గానికి ఏడు ప్రాకారాలు. ఆరు రాతివి. ఏడవదాన్ని మాత్రం పూర్వపు రాజొకడు సముద్రం అడుగునుంచి తెప్పించిన పగడపు దిమ్మెలతో కట్టించాడు. తొలి ఎండ సోకగానే ఆ గోడ పగిలిన దానిమ్మలా మెరిసేది. బురుజుల మీద వెండి చిలుకలు గాలి వాటాన్ని బట్టి ముక్కులు తిప్పేవి. కోటగుమ్మం మీద చెక్కిన హంసల కళ్ళలో కెంపులు పొదిగారు. ఆ రోజు కయ్యం పండుగ. వీధులన్నీ కళ్ళాపి చల్లి, ముగ్గుల్లో కత్తులూ డాళ్ళూ గీశారు. అటుకుల పాయసం వాసన ఇంటింటి గడప దాటి వస్తోంది.

ఇంత సంబరంలోకి ఒక బూడిదరంగు గాడిద, దాని వెనక తలపాగా చుట్టుకున్న ఒక మనిషి నడిచి వచ్చారు. ఆ మనిషి సింగమ. మగవేషం కోసం మొహానికి మసి పూసుకోవలసిన పని ఆమెకు పడలేదు. కమ్మరి కొలిమి ముందు పుట్టిన నాటినుంచీ అది ఉన్నదే.

ఎనిమిది రోజుల కిందట ఇనపగుట్ట పల్లెలో కొలిమి ఆర్పి బయలుదేరింది. అయినవాళ్ళ గొంతులతో పిలిచి దారి తప్పించే పిట్టలున్న లోయను చెవుల్లో మైనం పెట్టుకుని దాటింది. సలసల కాగే ఏటిని, వీపు మునగని ముసలి తాబేలు మీద దాటింది. ఆ ఏటి గట్టునే ఒక సోదెకత్తె ఆమె అరచెయ్యి చూసి చెప్పింది. "నీ మొగుడు బతికే ఉన్నాడమ్మా. మొహాన ఇనుము తొడిగారు. తన పేరు తనకు తెలియదు. మనిషి గొంతు ఆ చెవులకు ఎక్కదు, ఇనుము మాటే వింటాడు. కయ్యం పండుగ నాడు పొద్దుగుంకితే ఇక వాడు నీకు దక్కడు. ఆ ముసుగు కత్తికి రాదు, మంత్రానికి రాదు. ఇన్నేళ్ళూ ఏ తొట్టి నీళ్ళలో వాడి ఇనుము చల్లారిందో, ఆ నీళ్ళు తగిలితేనే విడుతుంది."

ఆ తొట్టి సింగమ పెరట్లో ఉంది, వెనక్కి పోయి ఆ నీళ్ళు తెచ్చే వ్యవధి లేదు. దాన్ని రాయి తొలిచి చేసింది ఆమె మొగుడు బాచనే.

కోటగుమ్మం దగ్గర కావలివాడు బల్లెం అడ్డం పెట్టాడు.

"మూటల్లో ఏముంది?"

"డాలు బొడిపెలు దొరా. నలభై. ఇనపగుట్ట నుంచి."

"కమ్మరోళ్ళు ఇద్దరిద్దరు కదా వచ్చేది. నీ జోడు ఏడీ?"

"ఇదిగో, గాడిద."

"మీ ఇద్దర్లో కమ్మరి ఎవరు మరి?"

"దానికి సుత్తి పట్టడం రాదు దొరా. తిత్తి ఊదడం వరకూ ఫరవాలేదు."

కావలివాడు నవ్వి బల్లెం తీశాడు. సింగమ నవ్వలేదు. జోడు ఏడీ అని ఎనిమిది రోజుల్లో అడిగినవాళ్ళలో ఇతను ఆరోవాడు.

ఆయుధశాల పెద్ద పేరిదేవుడు డెబ్బై ఏళ్ళవాడు. పండుగకు కావలసిన డాళ్ళన్నీ అతని చేతి మీదుగానే వెళ్ళాలి. నూరేళ్ళ కిందట ఈ కోట ముందరి మైదానంలో హంస జెండా సేన, పులి జెండా సేనను ఓడించింది. ఏటేటా అదే యుద్ధాన్ని మళ్ళీ ఆడి చూపిస్తారు. పల్లెల నుంచి వచ్చిన వాళ్ళు హంసలవుతారు, కోటలోని భటులు పులులవుతారు. కొయ్యకత్తులూ, నార కుక్కిన తోలుగదలూ పట్టుకుని కొట్టుకుంటారు. ఆఖరి గంట మోగగానే పులులు వెల్లకిలా పడిపోతారు. అందరూ కలిసి పాయసం తాగుతారు. ఆటే అయినా డాళ్ళు మాత్రం నిజమైనవే కావాలి. గుండ్రని పలక డాలుకు నడుమ రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రం మీద బోర్లించిన చిప్పలా ఉక్కు బొడిపె. దాని గుల్లలోనే డాలు పట్టిన పిడికిలి దాక్కుంటుంది. బొడిపె లేని డాలు పట్టినవాడు ఆ ఏడాది అన్నం ఎడమచేత్తో తినాల్సిందే.

పేరిదేవుడు ఒక్కో బొడిపెనూ వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అంచులకు కొట్టిన నాలుగు చీల రంధ్రాలనూ బొటనవేలితో తడిమాడు.

"పని బాగుంది తమ్ముడూ. ఇదివరకు మీ ఊరి బొడిపెలకు ఎడమ పక్కన చిన్న సొట్ట ఉండేది. వీటికి లేదు. మూడేళ్ళ నుంచీ ఉండటంలేదు. చెయ్యి మారిందా?"

"ఆ సొట్ట పెట్టేవాడు లేడు తాతా."

"పోయాడా?"

సింగమ ఖాళీ అయిన గోనెను మడిచి, మూలలు లోపలికి దోపి, ముడి వెయ్యకుండా బిగించి గాడిద మీద పెట్టింది. పేరిదేవుడు ఆ మూటవంక చూశాడు. లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"నాకు ముగ్గురు కూతుళ్ళమ్మా. ఆడది మూట కట్టే తీరు నాకు తెలియదనుకున్నావా? కూర్చో. మంచినీళ్ళు తాగు. ఎవరి కోసం వచ్చావు?"

"బాచన అని. మూడేళ్ళ కిందట కయ్యం పండుగకు నీకే బొడిపెలు ఇవ్వడానికి ఒక్కడే వచ్చాడు."

ముసలివాడి చేతిలోని చెంబు ఆగిపోయింది. కిందికి చూస్తూ చెప్పాడు. "తెలుసు. తుమ్మితే రెండుసార్లు తుమ్మేవాడు. ఆ సాయంత్రం రాజగురువు లోహభట్టు వచ్చి, కొండల్లో తన గుహలో గంట బిగించాలి, గట్టి చెయ్యి కావాలి, ఎవరున్నారు అన్నాడు. ఇదిగో వీడున్నాడని వేలు పెట్టి నేనే చూపించాను తల్లీ. తర్వాత అడిగితే, ఊరికి వెళ్ళిపోయాడన్నాడు. మరుసటేడు నుంచి పులుల ముందు వరసలో ఇనప మొహాల వాళ్ళు దిగారు. పదకొండు మంది. పులి కోరలని పేరు పెట్టాడు. వాళ్ళు మాట్లాడరు, తినరు, ఆయన గంట మోగిస్తే కొడతారు. ఈసారి వాళ్ళ చేతికి తోలుగదలు వద్దు, ఇనపగదలు ఇమ్మన్నాడు. పొద్దుగుంకితే గంట మోగించి గుహలోకి పిలిచి తలుపు మూసేస్తాడట. లోపల వాళ్ళు నిలువునా ఇనుమై, ఆయన ధనాగారానికి కాపలా విగ్రహాలవుతారట. రాజుగారికి చెప్పేవాడు లేడు. చెప్పబోయిన మంత్రి నాలుక మీద తుప్పు పట్టింది."

సింగమ మంచినీళ్ళు తాగి చెంబు బోర్లించింది.

"నాకొక డాలు ఇప్పించు తాతా. హంసల్లో నిలబడతాను."

"ఇనప మొహాలు, మోచేతుల దాకా తోలు తొడుగులు, ఒంటినిండా పులితోళ్ళు. ఎవరు లావో ఎవరు సన్నమో కూడా తెలియదు. ఎట్లా పోలుస్తావు?"

"పిలుస్తాను."

"మనిషి గొంతు వాళ్ళకు వినపడదు తల్లీ."

"నోటితో కాదు," అని సింగమ నడుముకు దోపుకున్న సుత్తిని తట్టింది.

కమ్మరి పని ఒక్కరితో అయ్యేది కాదు. ఎర్రగా కాలిన ఉక్కు రేకును దుంగలో తొలిచిన గుంట మీద పెట్టి, ఒకరు పట్టకారుతో తిప్పుతూ చిన్న సుత్తితో చోటు చూపిస్తారు. సుత్తి ఎక్కడ తాకితే ఎదుటివాడి సమ్మెట అక్కడ పడాలి. ఆపమని నోటితో చెప్పే తీరిక ఉండదు. పక్కనున్న దాగలి అనే ఖాళీ ఇనప దిమ్మె మీద సుత్తితో రెండు తేలిక దెబ్బలు కొడితే సమ్మెట ఆగాలి. ఈ లెక్క సమ్మెటవాడి బుర్రలో కాదు, భుజంలో ఉంటుంది. ఇనపగుట్టలో మధ్యాహ్నం ఏ ఇంట్లోనైనా మూకుడు జారి గట్టు మీద టంగుటంగున రెండుసార్లు మోగితే, వీధి వీధంతా మగవాళ్ళ చేతుల్లో అన్నం ముద్దలు నోటి దగ్గర ఆగిపోయేవి. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు.

బాచన వెళ్ళాక సింగమ పట్టకారును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఒంటరిగానే పని చేసింది. రెండు చేతుల సమ్మెట ఎత్తేదీ ఆమే, దించేదీ ఆమే. ఒక్కో కాపు కాల్చి కొట్టడం అయ్యాక ఖాళీ దాగలి మీద రెండు దెబ్బలు కొట్టేది. ఆపమని ఎవరికి చెబుతోందో ఆమెకే తెలియదు. ఆ చప్పుడు గోడకు తగిలి తిరిగొచ్చేది. తర్వాత పొయ్యి మీద ఎసరు చూసుకోవడానికి లోపలికి వెళ్ళేది.

మధ్యాహ్నం ఎండ వాలుతుండగా మైదానం నిండింది. తూర్పున తెల్ల జెండాల కింద పల్లెటూరి హంసలు, తలలకు బెండు హంసలు కట్టుకుని, ఒకళ్ళ నడుములు ఒకళ్ళు పొడుచుకుంటూ, నిరుటి కయ్యంలో ఎవడు ముందు పారిపోయాడో తేల్చుకుంటున్నారు. పడమట పచ్చజెండాల కింద గుడ్డ ముసుగుల పులులు. వాళ్ళ ముందు పదకొండు ఇనప మొహాలు. మిగతా మైదానమంతా కదులుతోంది, ఆ వరస కదలదు. ఎత్తైన మంచె మీద రాజుగారు గొడుగు నీడన కునికిపాట్లు పడుతున్నారు. పక్కనే లోహభట్టు. తుప్పురంగు పట్టుబట్ట, ఇనప పోగుల్లా బిరుసుగా నిలిచిన గడ్డం, రెప్ప వెయ్యని కళ్ళు. మంచె ముందు నేలలో పాతిన ఇనప స్తంభానికి గొడ్డలి ఆకారపు కొక్కెంతో బండిచక్రమంత జేగంట వేలాడుతోంది.

గంట మోగింది.

హంసలు కేకలేస్తూ పరుగెత్తారు. మొదటి ఇనపగద మొదటి డాలు మీద పడింది. డాలు పలక రెండు చెక్కలైంది. పట్టినవాడు అయోమయంగా చేతిలో మిగిలిన బొడిపెను చూసుకున్నాడు.

"ఇదేంటి బావా, నిజంగానే కొడతన్నారు?"

"నువ్వు నిరుడు వాళ్ళ పాయసం తాగేసుంటావు."

రెండో డాలు పగిలింది. మూడోది. నవ్వులాగిపోయాయి. వెనక వరసలవాళ్ళు ఆట అనుకుని ముందుకు తోస్తున్నారు. ముందున్నవాళ్ళు వెనక్కి తోస్తున్నారు. నడుమ వెదురుతో అల్లిన ఉత్తుత్తి ఏనుగు తిరగబడి, లోపల మోస్తున్న నలుగురూ కాళ్ళు పైకెత్తి పడ్డారు. సింగమ దాని పొట్ట కిందనుంచి దూరి బయటికొచ్చేసరికి ఎదురుగా ఒక ఇనప మొహం. గద పైకి లేచింది. ఆమె డాలు ఎత్తింది. దెబ్బ బొడిపె వంపు మీద పడి జారి భూమిలో దిగబడింది. భుజం దాకా ఝుమ్మంది. లోపలి పిడికిలి మాత్రం చెక్కుచెదరలేదు. గద మళ్ళీ లేచేలోగా సింగమ సుత్తి తీసి బొడిపె మీద తేలికగా కొట్టింది.

టంగ్. టంగ్.

గద గాలిలో ఆగిపోయింది.

 సింగమ చేతిలోని డాలు వదిలేసి అతని మోచెయ్యి పట్టుకుంది. "నేనే. నేనే వచ్చాను. ఇంటికి పోదాం రా," అంది వినపడదని తెలిసీ. అతని తోలు తొడుగు వేళ్ళనుంచి మోచేతి దాకా తడిమింది. మూడేళ్ళ నుంచీ దాచుకున్న మాటలు ఏవీ వరసలో రాలేదు. "తొట్టిలో నీళ్ళు మార్చలేదు," అంది. "పైపైన తోడి పోస్తున్నాను, అంతే."

అప్పుడు తెలిసింది, చుట్టూ చప్పుడు లేదు. తలెత్తి చూసింది. ముందు వరస పొడుగునా గదలన్నీ గాలిలో నిలబడి ఉన్నాయి. ఈ చివరినుంచి ఆ చివరి దాకా. ఒక్కటి కాదు, పదకొండూ.

అందరూ సమ్మెటవాళ్ళే.

గట్టి చెయ్యి కావాలని లోహభట్టు అడిగింది ఒక్కసారి కాదన్నమాట. ఇనుము చెప్పింది ఎదురు ప్రశ్న వెయ్యకుండా చేసేవాళ్ళు ఈ భూమి మీద వీళ్ళే. బొడిపెలు మోసుకుని ఏ ఊరినుంచి ఏ కమ్మరి వచ్చినా జోడులో సమ్మెటవాణ్ణి ఏరుకున్నాడు. పదకొండు పల్లెల్లో పదకొండు దాగళ్ళు. సింగమ తను పట్టుకున్న చేతిని మెల్లగా వదిలింది. ఇది ఎవరి చెయ్యో. ఆమె వదలగానే ఆ చెయ్యి ఆగిన చోటే ఉండిపోయింది, కొక్కేనికి తగిలించిన చొక్కాలా.

మంచె మీద లోహభట్టు లేచి నిలబడ్డాడు. గంట మోగింది. పదకొండు గదలూ దిగాయి.

సింగమ పడిన డాలును పాకి అందుకుంది. ఆమె చుట్టూ హంసలు చెల్లాచెదరై పరుగెడుతున్నారు. సూర్యుడు పడమటి కొండకు రెండు జానల ఎత్తులో ఉన్నాడు. పదకొండు మందిలో ఎవరు? తప్పు మనిషిని తీసుకుపోతే బాచన గుహలో ఇనుమవుతాడు. ఆమె వెదురు ఏనుగు చాటున కూర్చుని ఊపిరి తీసుకుంది. ఎదురుగా నేల మీద పగిలిన డాళ్ళు, ఊడిన బొడిపెలు. అన్నీ తను చేసినవే. గుండ్రంగా, నున్నగా, ఒక్క సొట్ట లేకుండా.

సొట్ట లేకుండా.

పదేళ్ళ కాపురంలో ఆ ఒక్కదాని మీద పడినన్ని గొడవలు మరి దేనిమీదా పడలేదు. సుత్తి రెండుసార్లు మోగినా బాచన సమ్మెట ఆగేది కాదు. ఇంకో దెబ్బ పడ్డాకే ఆగేది. ఎర్రదనం పోయి గట్టిపడుతున్న రేకు మీద ఆ చివరి దెబ్బ పడి, ఎడమ పక్కన వేలిముద్రంత గుంట మిగిలేది. "నీకు చెవులున్నాయా?" అనేది సింగమ. "ఉన్నాయి. భుజం కొంచెం దూరం కదా, కబురు అందేసరికి ఆలస్యమవుతుంది," అనేవాడు. తిట్టీ తిట్టీ ఆమె నోరు నొప్పిపుట్టింది గానీ ఆ దెబ్బ తగ్గలేదు. ఇందాక ఆ మొదటివాడు వెంటనే ఆగాడు. ఇంత మంచి సమ్మెటవాడు తన మొగుడు ఎట్లా అవుతాడు?

ఆమె లేచింది. ఏనుగు చాటునుంచి వరసకు ఎదురుగా వచ్చి నిలబడి, కళ్ళు మూసుకుని, బొడిపె మీద కొట్టింది.

టంగ్. టంగ్.

గదల హోరు తెగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, కుడివైపు ఎక్కడో, ధన్ మని ఒక్క దెబ్బ. ఒక డాలు పగిలిన చప్పుడు, "అమ్మో, వీడొక్కడికీ వేరే చెప్పాలా?" అని ఎవరో మూలిగిన చప్పుడు.

కళ్ళు తెరిచేసరికి అన్నీ ఆగే ఉన్నాయి. కుడివైపు నలుగురు. వాళ్ళలో ఎవరు?

గంట మోగింది. సింగమ పరుగెత్తింది. ఒక గద తలపాగాను తన్నుకుపోయింది. మూడేళ్ళుగా నూనె ఎరగని జుట్టు విడిపోయి వీపున పడింది. "ఆడమనిషిరా," అని ఎవరో అరిచారు. మంచె మీద లోహభట్టు చెయ్యి చాపి ఏదో గొణిగాడు. దారిలో పడి ఉన్న చీలలన్నీ తేళ్ళయి లేచి ఆమె కాళ్ళ వైపు పాకాయి. తొక్కుకుంటూ వెళ్ళింది. చెప్పులు కొలిమి ముందు వేసుకునేవే, నిప్పుకు కాలనివి తేలుకు లొంగుతాయా? నలుగురిలో మొదటివాడి ముందు నిలబడి డాలు ఎత్తి రెండు కొట్టింది. అతను వెంటనే ఆగాడు. మళ్ళీ గంట. రెండోవాడు. అతనూ ఆగాడు. మళ్ళీ గంట. మూడోవాడి గద అప్పటికే దిగుతోంది.

టంగ్. టంగ్.

ఆ గద ఆగలేదు. దిగింది. బొడిపె ఎడమ పక్కన సరిగ్గా తగిలి ఉక్కు లోపలికి అణిగింది. గుల్లలోని ఆమె పిడికిలి కణుపులకు ఆ సొట్ట గుచ్చుకుంది. తర్వాత గద ఆగింది.

చెయ్యి విరిగిందేమో అనిపించేంత నొప్పి. సింగమ ఆ సొట్టను వేలితో తడిమి చూసుకుంది. వేలిముద్రంత.

"ఇప్పటికైనా మారవు," అంది.

ఇనప మొహంలో కళ్ళ దగ్గర రెండు చీలికలున్నాయి. వాటి వెనక ఏమీ కదలలేదు. అతను ఆమెను చూడటంలేదు. గంట కోసం చూస్తున్నాడు.

లోహభట్టుకు సంగతి అర్థమైంది. గంట వాయించే కర్రను తానే అందుకుని మంచె మెట్లు దిగుతున్నాడు. సూర్యుడు కొండ అంచును తాకబోతున్నాడు. ఈసారి మోగేది గుహలోకి పిలిచే గంట. బాచనను పట్టుకుని లాగితే కదలడు, ఇనప దిమ్మెను లాగినట్టుంటుంది. ఒక్కణ్ణి లాగడానికే చేతకాదు. అప్పుడు సింగమకు తన చేతిలో ఉన్నది గుర్తొచ్చింది. సుత్తి ఎక్కడ తాకితే సమ్మెట అక్కడ పడాలి. పదకొండు సమ్మెటలూ ఎత్తి పట్టుకుని చోటు కోసం ఎదురుచూస్తున్నాయి. చోటు చూపించేవాళ్ళే లేరు.

ఆమె జేగంట స్తంభం దగ్గరికి పరుగెత్తింది. లోహభట్టు కర్ర ఎత్తాడు. సింగమ సుత్తితో స్తంభం మొదట్లో, నేలకు జానెడు పైన, ఒక్క దెబ్బ కొట్టింది.

పదకొండు ఇనప మొహాలూ ఒక్కసారిగా ఇటు తిరిగాయి. వచ్చాయి. దిగాయి. ఇనపగదలు ఒకదాని వెంట ఒకటి, తడబాటు లేకుండా, నాలుగు దాగళ్ళ కమ్మరిశాలలో పెద్ద పని జరిగేటప్పుడు పడినట్టు పడ్డాయి. ఆమె సుత్తి అంగుళం జరిగితే గదలూ అంగుళం జరిగాయి. స్తంభం ఎర్రబడింది, వంగింది, చిట్లింది. బండిచక్రమంత జేగంట లోహభట్టు కాళ్ళ ముందు పడి మూడు ముక్కలైంది. మంచె మీద రాజుగారు ఉలిక్కిపడి లేచి, "ఆఖరి గంటేనా?" అన్నారు. గుడ్డ ముసుగుల పులులు అలవాటు చొప్పున వెల్లకిలా పడిపోయారు.

లోహభట్టు కోపంగా అరవలేదు. పగిలిన ముక్కలవంక చూసి, గడ్డం నిమురుకుని, "గుహలో ఇంకో గంట ఉంది అమ్మాయీ," అన్నాడు. "నీకు ఎనిమిది రోజుల దారి. నాకు అది దించి తేవడానికి ఆరు రోజులు." అంటూనే తుప్పురంగు గద్దయి, ఇనప రెక్కలు కిర్రుమనగా పైకి లేచి, కుంకుతున్న పొద్దులోకి ఎగిరిపోయాడు.

పొద్దు కుంకింది. గుహ తలుపు ఎక్కడో మూసుకున్న చప్పుడు కొండల్లో దొర్లి వచ్చింది. లోపలికి వెళ్ళవలసిన పదకొండు మందీ బయటే ఉన్నారు. సింగమ చూసుకుంది. మొహాల మీది ఇనుము మొహాల మీదే ఉంది.

పేరిదేవుడు గాడిదను తోలుకొచ్చాడు. దాని మీద మంచినీళ్ళ తిత్తి, అటుకుల మూట కట్టి ఉన్నాయి. మూటకు ముడి వెయ్యలేదు, మూలలు దోపి బిగించాడు.

"అందర్నీ తీసుకుపోతావా?"

"పది దాగళ్ళ ముందు పది మంది కూర్చుని ఉంటారు తాతా. ఎవరి తొట్టి ఏ ఊళ్ళో ఉందో దారిలో కనుక్కుంటాను. ముందు మావాడి మొహం విప్పితే, మిగతావాళ్ళ పేర్లు వాడే చెబుతాడు. వీళ్ళతో మూడేళ్ళు నిలబడ్డాడుగా."

"దారంతా కొడుతూనే ఉండాలేమో తల్లీ. ఆపితే ఆగిపోతారు."

"అలవాటే," అంది.

ఇనపగదలు ఆయుధశాలలో వదిలి కోట దాటారు. సింగమ నడుస్తూ డాలు బొడిపెను సుత్తితో ఒక్కొక్కటిగా తడుతోంది. ఆ చప్పుడు పడ్డ చోటికి పదకొండు జతల పాదాలు వస్తున్నాయి. వెనక్కి తిరిగి మాట్లాడితే వినేవాడు లేడు. పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు లేడు. వచ్చేటప్పుడు దారి పొడుగునా తోడు ఒక గాడిదే, ఇప్పుడు గాడిదా, పదకొండు మందీ ఉన్నారు. ఆ పదకొండు మందిలో తనవాడు ఎక్కడ నడుస్తున్నాడో, మసక వెలుతురులో మళ్ళీ తెలియకుండా పోయింది. అందరివీ అవే పులితోళ్ళు, అవే మొహాలు.

కాగే ఏటి చప్పుడు దూరంగా వినవచ్చింది. వచ్చేటప్పుడు ఏరు దాటించిన తాబేలు గట్టున లేదు. నీళ్ళకు అవతల, ఆకాశంలో, ఒక రెక్క కిర్రుమంది. సింగమ నిలబడింది. సుత్తితో బొడిపె మీద రెండు తేలిక దెబ్బలు కొట్టింది.

వెనక పది జతల పాదాలు ఆగాయి. తర్వాత ఇంకో అడుగు పడింది.